బాతులు పోయాయి, జోనంగి పోతోంది

మొన్న సంక్రాంతికి కైకలూరు దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. కనుమ నాడు తెల్లారగట్ల, ఇంకా మంచు విడవకముందే చేపల చెరువు గట్టు మీద నడుస్తుంటే ఒక అరుపు వినిపించింది. మొరగడం కాదది, ఊళ పెట్టడమూ కాదు. గొంతులో మొదలై, పైకి లేచి, మధ్యలో రెండుసార్లు మెలి తిరిగి, ఎవరో రాగం తీసినట్టు సాగి ఆగిపోయింది. నేనూ అక్కడే ఆగిపోయాను. ఆ గొంతు ఆఖరిసారి విన్నది ఐదో తరగతిలో ఉండగా.

రేకుల షెడ్డు ముందు, మేత బస్తాల పక్కన, మట్టిలో తవ్వుకున్న గుంటలో ఒక కుక్క ముడుచుకుని పడుకునుంది. లేత గోధుమ రంగు. ఒంటి మీద వెంట్రుక ఉందా లేదా అనిపించేంత పొట్టి, దాని మీద నూనె రాసినట్టు ఒక మెరుపు. నుదుటి మీద ముడతలు, ఏదో లెక్క తేలక ఆలోచిస్తున్న పెద్దమనిషిలా. నన్ను చూసి లేచింది, తోక వీపు మీదికి చుట్టుకుంది, మళ్ళీ అదే రాగం.

షెడ్డులోంచి తలకి మఫ్లర్ చుట్టుకుని కాపలా ఆయన బయటికొచ్చాడు. "జోనంగేనా బాబాయ్ ఇది?" అని అడిగాను. ఆయన నా వైపు ఒక నిమిషం చూసి, "మీకెలా తెలుసండీ? ఇప్పుడెవరూ ఆ పేరు అనట్లేదు. ఊరకుక్కే అనుకుంటారు అందరూ" అన్నాడు.

ఆ మాటే నన్ను ఇంతసేపు కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తోంది. ఒక జాతి పోయేటప్పుడు ముందు కుక్కలు పోవు, పేరు పోతుంది. పేరు పోయాక అది ఏ కుక్కతో కలిసినా పట్టించుకునేవాడు ఉండడు. రెండు మూడు తరాలు గడిచేసరికి నుదుటి ముడతా పోతుంది, గొంతులో మెలికా పోతుంది. కుక్కలు మాత్రం ఊళ్ళో తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో పోయిందని ఎవరికీ తెలియదు.

జోనంగి మన కోస్తా కుక్క. గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, ముఖ్యంగా కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళు దీని సొంత చోటు. కొందరు జోనంగి జాగిలం అని కూడా అంటారు. వేటకి తీసుకెళ్ళేవాళ్ళు, ఇంటికి కాపలా పెట్టుకునేవాళ్ళు, కానీ నా చిన్నప్పుడు మా వైపు నేను చూసింది మాత్రం బాతుల వెనకే. సార్వా కోతలయ్యాక బాతులవాళ్ళు మందల్ని తోలుకుని వచ్చేవాళ్ళు. కోసిన చేలల్లో రాలిన పరిగె గింజలు, నత్తలు, పురుగులు, ఇవన్నీ బాతులకి మేత. రైతుకి పైసా ఖర్చు లేకుండా పురుగూ నత్తా పోయేది, చేలో ఎరువూ పడేది. ఒక ఊళ్ళో చేలు అయిపోతే ఇంకో ఊరు, రాత్రికి ఎక్కడ ఆగితే అక్కడే వల కట్టి దడి. తెల్లారేసరికి దడి లోపల గడ్డి మీద గుడ్లు తెల్లగా పరుచుకునుండేవి, ఆడవాళ్ళు గంపల్లోకి ఏరుకునేవాళ్ళు, మేం పిల్లలం దడి బయట నిలబడి లెక్కపెట్టేవాళ్ళం.

వందల బాతులు, ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పని ఎంత కష్టమో అర్థమవుతోంది. బాతు పిరికిది. గట్టిగా మొరిగితే మంద చెదిరి కాలవలో పడుతుంది, బెదిరితే గుడ్డు పెట్టడం మానేస్తుంది. అంటే మొరగని కుక్క కావాలి. నోటికి అందేంత దగ్గరలో కొవ్విన పక్షి నడుస్తున్నా నోరు పెట్టని కుక్క కావాలి. రోజంతా బురదలో, నీళ్ళలో తిరిగినా ఒళ్ళు త్వరగా ఆరిపోయే కుక్క కావాలి. రాత్రి నక్క వస్తే మనిషిని లేపే కుక్క కావాలి. ఇవన్నీ ఒకే కుక్కలో ఉన్నాయి. ఎవరో ఒక్కరు కూర్చుని తయారుచేసింది కాదు. బాతుని కొరికిన పిల్లని ఉంచుకోకుండా, కొరకనిదాని పిల్లల్నే దాచుకుంటూ, తరాల తరబడి బాతులవాళ్ళు ఎంచుకుంటూ వచ్చారు. బాతులు కాసే చదువు రాని మనిషి చేసిన ఈ పనిని నేను మన ఊళ్ళలో జరిగిన గొప్ప పనుల్లో ఒకటిగానే లెక్కేస్తాను.

మరి ఎందుకు పోతోంది? జబ్బుతోనో, ఎవరో చంపితేనో కాదు. దాని పని పోయింది. 1980, 90లలో కొల్లేరు చుట్టూ వరి చేలు చేపల చెరువులుగా మారాయి. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సు లోపలి చెరువు గట్లని కొట్టేశారు, కానీ బయట వైపు మాత్రం ఎకరం తర్వాత ఎకరం తవ్వుకుంటూనే పోయారు. వరి లేకపోతే పరిగె లేదు, పరిగె లేకపోతే బాతులకి మేత లేదు. వరి మిగిలిన చోట పురుగుమందులు. బాతుల మంద అమ్ముకున్నవాడు కుక్కని ఏం చేసుకుంటాడు? వదిలేశాడు. లేకపోతే ఆ మఫ్లర్ బాబాయిలా చెరువు కాపలాకి వెళ్తూ వెంట తెచ్చుకున్నాడు.

ఇది మన ఒక్కళ్ళ కథే అయితే మన ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణేమో. నార్వేలో వెరోయ్ అనే దీవి ఉంది. అక్కడ లుండెహుండ్ అని ఒక చిన్న కుక్క. ఒక్కో కాలికి ఆరు వేళ్ళు. ఆ వేళ్ళతో కొండ చరియలు పాకి, బండల సందుల్లో గూళ్ళు పెట్టుకునే పఫిన్ అనే సముద్ర పక్షుల్ని పట్టుకొచ్చేది. 19వ శతాబ్దంలో వలలతో పట్టడం మొదలయ్యాక కుక్క అక్కర్లేకుండా పోయింది. దారి సరిగ్గా లేని ఒక మారుమూల పల్లెలో మాత్రం మిగిలింది. 1960లలో డిస్టెంపర్ అనే కుక్కల అంటువ్యాధి వచ్చి దాదాపు అన్నీ చచ్చిపోతే మిగిలినవి ఆరు, అందులో ఐదు ఒకే తల్లి పిల్లలు. ఇవాళ ప్రపంచంలో ఉన్న లుండెహుండ్‌లన్నీ వాటి సంతానమే. కాపాడారు, నిజమే. కానీ ఆ కుక్కల్లో చాలావాటికి తిన్నది ఒంటికి పట్టని పేగు జబ్బు. చివరికి దానికి దగ్గరి చుట్టాలైన వేరే జాతులతో ఈనించి కొత్త రక్తం కలిపే పని మొదలుపెట్టాల్సి వచ్చింది.

దీన్ని మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, మన ఇళ్ళల్లో మేనరికం ఉంది. మేనత్త కొడుకుని చేసుకుంటే పుట్టే బిడ్డలో ఏ జన్యువైనా రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుల జన్యువు నకలుగా వచ్చే అవకాశం 6.25 శాతం. మేనమామని చేసుకుంటే 12.5 శాతం. డాక్టర్లు ఎందుకు వద్దంటారో మనకి తెలుసు. ఊళ్ళో మిగిలిన రెండు కుక్కలూ ఒకే ఈతలో పుట్టినవైతే, వాటి పిల్లలకి ఆ లెక్క 25 శాతం. అదే కుక్కల్లో రెండో తరమూ అలాగే జరిగితే ఇంకా పైకి పోతుంది. కాబట్టి "మా దగ్గర ఇంకా కొన్ని ఉన్నాయిలే" అనే మాటకి విలువ లేదు. ఎన్ని ఉన్నాయి అన్నది కాదు నేను అడిగేది, చుట్టరికం లేనివి ఎన్ని ఉన్నాయి, అందులో ఈనే వయసు ఆడవి ఎన్ని. లుండెహుండ్ విషయంలో ఆ ప్రశ్న ఆరు కుక్కలు మిగిలాక అడిగారు. మనకి ఇంకా కొంచెం టైముంది.

ఇక్కడ చాలామంది చెప్పే మందు ఒకటుంది. దేశీ కుక్కల్నే పెంచండి, కొనండి, గర్వపడండి. 2005లో తపాలా శాఖ ముధోల్, రాజపాళయం, రాంపూర్, హిమాలయన్ కుక్కల మీద స్టాంపులు తెచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో దేశీ జాతుల గురించి చెప్పాక గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. నాకు సంతోషమే, కానీ గిరాకీ కాపాడుతుందన్న మాట మీద నాకు నమ్మకం లేదు, ఎందుకో పుంగనూరు ఆవుని చూస్తే తెలుస్తుంది. చిత్తూరు వైపు పొట్టి ఆవు, దాదాపు పోయిందనుకున్న జాతి. పలమనేరు పరిశోధన కేంద్రంలో ఏళ్ళ తరబడి ఓపిగ్గా నిలబెట్టుకొచ్చారు. తర్వాత ఫ్యాషన్ అయింది. ఇప్పుడు ఇంట్లో సోఫా పక్కన నిలబడేంత పొట్టిది కావాలంటున్నారు, లక్షలు పెడుతున్నారు, పొట్టిగా పుట్టిన ప్రతిదానికీ పుంగనూరు అని పేరు పెట్టేస్తున్నారు. కొనేవాడికి ఎత్తే కొలత. పాలల్లో వెన్న, ఎండని తట్టుకోవడం, తక్కువ మేతతో బతకడం, అసలు ఆ ఆవు ఆవు అయింది వేటివల్లో అవి ఎవరికీ కనపడవు.

కుక్కల్లో కూడా అంతే. రాజపాళయం చూడండి. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో ఆ ఊరు మన తెలుగు రాజుల కులంవాళ్ళు కొన్ని వందల ఏళ్ళ కిందట వెళ్ళి స్థిరపడ్డ ఊరు, ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ళ కుక్క పొడవుగా, తెల్లగా, గులాబీ రంగు ముక్కుతో ఉంటుంది. కొనేవాళ్ళకి మచ్చలేని తెలుపే కావాలి. లోపలి చెవిలో రంగు కణాలు లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది, తెల్ల కుక్కల్లో ఈ చెవుడు అందుకే వస్తుంది. తెలుపు కోసం మళ్ళీ మళ్ళీ ఎంచుకుంటూ పోతే చెవిటి పిల్లలు పుడతాయి. వేటకి, కాపలాకి పెంచినప్పుడు చెవిటిదాన్ని ఎవరూ ఈనించరు, ఎందుకంటే దాంతో పని జరగదు. ఫొటో కోసం పెంచినప్పుడు చెవిటిదైనా ఫొటోలో బాగానే ఉంటుంది.

నేను కూడా ఒకసారి మోసపోయాను. మూడేళ్ళ కిందట ఫేస్‌బుక్‌లో ఒకాయన జోనంగి పిల్లలు అని పెడితే పద్దెనిమిది వేలు పంపాను. వచ్చిన పిల్ల పెద్దయ్యాక ఒంటి నిండా దట్టమైన బొచ్చు, వీధి చివరిదాకా వినపడేలా మొరుగుడు. మంచి కుక్క, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, మా అమ్మాయికి ప్రాణం. కానీ జోనంగి కాదు. ఆ పద్దెనిమిది వేలు కొల్లేరు గట్టు మీద ఎవరికీ చేరలేదు.

అదే మా జిల్లాలో ఇంకో జంతువుని చూడండి. పందెం కోడి. డేగ, కాకి, నెమలి, పర్ల, సవల అంటూ ప్రతి రంగుకీ పేరుంది, దేని తండ్రి ఏది, తాత ఏ ఊళ్ళో ఎన్ని పందేలు గెలిచింది అన్నది నోటికి చెప్తారు. బాదం, జీడిపప్పు పెట్టి మేపుతారు. కోడిపందేలు మంచివని అనడం లేదు, కాళ్ళకి కత్తులు కట్టడం నాకు చిన్నప్పటి నుంచీ చూడలేని విషయం. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఏ పుస్తకం, ఏ ఆఫీసు, ఏ సర్టిఫికెట్ లేకుండా ఒక నాటు జాతి వంశావళిని తరాల పాటు ఇంత కచ్చితంగా దాచుకోవడం మనకి చేతనవును. ఆ కోడి వెనక డబ్బుంది, పరువుంది, పని ఉంది. పక్క చేలో కుక్కకి ఇవేవీ లేవు. తేడా అంతే.

కాబట్టి నేను అడిగేది జోనంగికి పని. ఆ పనిని తీసేసిన చేపల చెరువే మళ్ళీ ఇవ్వగలదని నా నమ్మకం. మా వైపు చేపల రైతుకి రెండు బాధలు, రాత్రి దొంగలు, పగలు పక్షులు. నీటికాకులు గుంపుగా దిగితే పిల్ల చేపల చెరువు ఖాళీ. వలలు కడతారు, టపాసులు కాలుస్తారు, మనుషుల్ని పెడతారు. గట్టు మీద నడుస్తూ, నీళ్ళకి భయపడకుండా, పక్షిని చంపకుండా తరిమే కుక్క ఉంటే? ముధోల్ కుక్కల్ని ఆగ్రా వాయుసేన స్థావరానికి సరిగ్గా ఇందుకే తీసుకెళ్ళారు, రన్‌వే మీద పక్షుల్ని తరమడానికి. వేట కుక్కకి విమానాశ్రయంలో పని దొరికినప్పుడు బాతుల కుక్కకి చెరువు గట్టు మీద దొరకదా? మా బాబాయి దగ్గర ఆ ఒక్క ఆడకుక్క ఇప్పుడు చేస్తున్నది అదే. ఎవరూ నేర్పలేదు. "పక్షి దిగితే ఇది గట్టెమ్మట పరిగెడుతుందండి, అరుస్తుంది, అంతే. పట్టుకోదు. బాతుల కాడ పెరిగిందాని పిల్లే కదా" అన్నాడు.

రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి, అవి చెప్పకపోతే తప్పవుతుంది. ఒకటి, అభయారణ్యం హద్దులోనూ ఆటపాక పక్షుల కేంద్రం లాంటి చోట్లా గూడబాతుల (పెలికాన్ల) దగ్గరికి కుక్కల్ని వదలకూడదు, అవి వాటి ఇల్లు. రెండు, ఇది చేపల చెరువులకే. రొయ్యల చెరువు గట్టు మీదికి కుక్కల్ని రానివ్వరు, ఒక చెరువు నీళ్ళు కాళ్ళకి అంటించుకుని ఇంకో చెరువుకి తెల్లమచ్చ వైరస్ మోస్తాయని, ఆ భయం నిజమైనదే.

మీలో కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. వీధుల్లో వేల కుక్కలు తిండిలేక తిరుగుతుంటే ఇంకో జాతిని పనిగట్టుకుని ఈనించడం ఏంటి అని. న్యాయమైన ప్రశ్న. సిటీలో కుక్క కావాలనుకునేవాళ్ళు వీధి పిల్లనే తెచ్చుకోండి, అపార్ట్‌మెంట్‌లో జోనంగి పెట్టుకోకండి. అది ఒక్క మనిషికే కట్టుబడే కుక్క, తవ్వుకోవడానికి మట్టి కావాలి, పరిగెత్తడానికి గట్టు కావాలి, బాల్కనీలో పిచ్చెక్కిపోతుంది. నేను అడిగేది ఊరికో ఈత కూడా కాదు. మిగిలిన కొద్ది ఆడకుక్కలకి, చుట్టరికం లేని మగదానితో, ముందే అడిగిపెట్టుకున్న గట్లకి సరిపడా పిల్లలు. వీధి కుక్కని ప్రేమించడం, జోనంగి పేరు నిలబెట్టడం ఒకదానికొకటి అడ్డం రావు. నాటు వరి విత్తనం దాచుకున్నంత మాత్రాన రేషన్ బియ్యం తినేవాడికి అన్యాయం చేసినట్టా?

ఇక ప్రభుత్వం వైపు. హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో ఉంది, పశువుల జాతుల్ని నమోదు చేసేది వాళ్ళే. కుక్కల్లో ముందు గుర్తింపు వచ్చినవి రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. రెండు తమిళనాడువి, ఒకటి కర్ణాటకది. మనది ఒక్కటీ లేదు. ముధోల్‌కి ఆ ఊరి దగ్గర తిమ్మాపూర్‌లో సొంత పరిశోధన కేంద్రమే ఉంది, సైన్యం 2016లో వాటిని మీరట్‌కి శిక్షణకి తీసుకెళ్ళిందంటే వెనక అది ఉండబట్టే. పేరు నమోదు కాని జాతి పశుగణనలో మామూలు కుక్కల్లో కలిసిపోతుంది, లెక్కలో లేనిదానికి రూపాయి కేటాయించమని ఏ అధికారినీ అడగలేం. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, కైకలూరుకి ఎంతో దూరం కాదు. పిల్లలు ప్రాజెక్టుల కోసం టాపిక్‌లు వెతుక్కుంటారు. నాలుగు బ్యాచ్‌లు నాలుగు మండలాలు పంచుకుని, ఎత్తు, బరువు, రంగు, కొంచెం రక్తం, ఒక ఫోన్ రికార్డింగు తీసుకొస్తే చాలు. రికార్డింగు ఎందుకంటే ఆ గొంతే అన్నిటికంటే ముందు పోతుంది.

నా వంతుగా నేను మొదలుపెట్టాను. ఒక నోటుబుక్కు. పండగ తర్వాత మూడు ఆదివారాలు బండి మీద తిరిగి, పాత బాతులవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ ఆరు ఊళ్ళు చూశాను. ఆ గొంతున్నవి, ఆ ఒళ్ళున్నవి పదకొండు కుక్కలు. అందులో ఆడవి నాలుగు. ఒకటి ముసలిది. ఒకటి మా బాబాయిది. మిగతా రెండూ అక్కచెల్లెళ్ళు. మగవాటిలో మూడు ఆ అక్కచెల్లెళ్ళకి అన్నదమ్ములే, ఒకటి బాబాయి కుక్కకి సొంత కొడుకు. దేని తల్లి ఏదో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో గీతలు గీసుకుంటూ పోతే పేజీ అంతా మన ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాలు చూసేటప్పటి కాగితంలా తయారైంది.

బాబాయి కుక్క మాఘమాసం చివర్లో ఎదకి రావచ్చంటున్నాడు. ఈ గట్ల మీది మగవాటినేవీ దాని దగ్గరికి రానివ్వకుండా అప్పటిదాకా కట్టేసి ఉంచుతానన్నాడు, జీవితంలో ఎప్పుడూ దాన్ని కట్టెయ్యలేదట. మండవల్లి అవతల ఒక ముసలాయన దగ్గర ఇంకా నలభై బాతులున్నాయనీ, వాటి వెనక నల్లటి మగ జోనంగి ఒకటి తిరుగుతోందనీ నిన్న ఫోనొచ్చింది. వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాను.